అభిమానికి వేలం లేదు

హాకీ ఇండియా లీగు ఏడాదిలో ఇంచుమించు ఒక నెల పాటు జరిగే పోటీ కాబట్టి, మిగిలిన పదకొండు నెలలకు క్రీడా పరిభాషలో ‘ఆఫ్‌సీజన్’ అనే పేరు స్థిరపడింది. బంతి కదలని ఈ కాలంలో ఆటగాళ్లు కదులుతారు. యాజమాన్యం కొందరిని అట్టిపెట్టుకుంటుంది, దానిని ‘రిటెన్షన్’ అంటారు. కొందరిని వదిలేస్తుంది, దానిని ‘రిలీజ్’ అంటారు. ఖాళీ అయిన చోట్లను నింపుకోవడానికి మళ్లీ సంత పెట్టుకుంటారు, దానిని ‘మినీ వేలం’ అంటారు. ఈ మూడింటిలో దేనిలోనూ చెయ్యి పెట్టకుండా, మూడింటి ఫలితాన్నీ పూర్తిగా అనుభవించే జీవిని ‘అభిమాని’ అంటారు. హైదరాబాద్ తూఫాన్స్ అనే పురుషుల జట్టుకు పాతబస్తీలోని యాకుత్‌పురాలో కూడా ఈ కోవకు చెందినవారు కొందరు ఉన్నారు. హాకీ అభిమానులు ఏ పేటలోనైనా అల్పసంఖ్యాకులే గనుక, వారి మనోభావాలను గురించి ఇంతవరకు ఏ కమిటీ నివేదిక సమర్పించలేదు. ఆ లోటును ఈ కాలమ్ కొంతవరకు పూరిస్తుంది.

ముందుగా జట్టు పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలి. 2013లో మొదలై 2017లో ఆగిపోయిన లీగును నిర్వాహకులు 2024 డిసెంబరులో తిరిగి లేపి నిలబెట్టినప్పుడు, పురుషుల విభాగంలోని ఎనిమిది జట్లలో ఒకటిగా తూఫాన్స్ అవతరించింది. ఒక్కో జట్టుకు 24 మంది ఆటగాళ్లు, వారిలో 8 మంది విదేశీయులు, స్వదేశీయులలో నలుగురు జూనియర్లు తప్పనిసరి అని అప్పటి నిబంధన. వీరందరినీ కొనడానికి ఇచ్చిన పరిమితిని ‘పర్స్’ అంటారు. అది అప్పట్లో 4 కోట్ల రూపాయలు. ఇదే నగరం పేరు పెట్టుకున్న సన్‌రైజర్స్ క్రికెట్ జట్టు 2023 డిసెంబరు వేలంలో ప్యాట్ కమిన్స్ అనే ఒక్క బౌలరుకు 20.5 కోట్లు వెచ్చించింది కాబట్టి, ఆ డబ్బుతో ఐదు తూఫాన్ జట్లను గోల్‌కీపర్లతో సహా కొని, చివరన మిగిలిన యాభై లక్షలతో యాకుత్‌పురా మొత్తానికి కొన్నాళ్లపాటు ఇరానీ చాయ్ పోయించవచ్చునని స్థానిక అర్థశాస్త్రవేత్తల అంచనా.

2024 అక్టోబరులో ఢిల్లీలో జరిగిన వేలంలో హైదరాబాద్ పేరు మీద చేరినవారి వివరాలు పరిశీలించదగినవి. సుమిత్‌ది హరియాణాలోని సోనిపట్ ప్రాంతం, నీలకంఠ శర్మది మణిపూర్, శిలానంద్ లక్రాది ఒడిశా. ఆర్థర్ డి స్లూవర్‌ది బెల్జియం, జాకరీ వాలెస్‌ది ఇంగ్లండ్, టిమ్ బ్రాండ్‌ది ఆస్ట్రేలియా, నిక్ వుడ్స్‌ది న్యూజీలాండ్, గోల్‌కీపర్ డానెబెర్గ్‌ది జర్మనీ. ఈ జాబితాను చార్మినార్ కింద పరిచి చూసినా, అందులో హైదరాబాద్‌ను వెతికి పట్టుకోవడం కష్టం. స్టేషన్ రోడ్డులోని చాయ్ హోటల్లో ఒక కుర్రవాడు ఫోన్ తెర మీద ఈ పేర్లు చదివి వినిపిస్తుంటే, సాసర్‌లో పోసుకున్న చాయ్‌ని ఊదుకుంటున్న పెద్దాయన మధ్యలో ఆపి “అప్నా పోట్టా కౌన్ హై మియా ఇస్మే?” అని, అంటే ఇందులో మనవాడెవడని అడగడం, అందుకు ఆ కుర్రవాడు “నామ్ అప్నా హై చిచా”, పేరు మనదేనని ఓదార్చడం ఈ ప్రాంతంలో రిటెన్షన్ జాబితా వెలువడిన ప్రతిసారీ జరగగల సంభాషణ. ఉస్మానియా బిస్కట్టు చాయ్‌లో మునిగి విరిగిపోయే లోపల ఆ చర్చ క్రికెట్‌కు మళ్లుతుంది.

పేరు మాత్రమే మిగిలిన దానిని ప్రేమించడం యాకుత్‌పురాకు కొత్త కాదన్నది చారిత్రక సత్యం. పూర్వపు నగర ప్రాకారానికి ఉన్న పదమూడు దర్వాజాలలో యాకుత్‌పురా దర్వాజా ఒకటి. వాటిలో నేడు దబీర్‌పురా, పురానాపుల్ దర్వాజాలు మాత్రమే నిలిచి ఉన్నాయి. లేని దర్వాజా పేరుతో తరతరాలుగా చిరునామా రాసుకుంటున్న జనానికి, లేని మైదానం పేరుతో జట్టును అభిమానించమంటే అభ్యంతరం ఉండదని ఫ్రాంచైజీల మేధావులు భావించి ఉంటే, అందులో కొంత తర్కం లేకపోలేదు.

ఆ వేలంలో తూఫాన్స్ అత్యధికంగా 68 లక్షలు పెట్టి కొన్న గొంజాలో పెయిలాట్ జీవితచరిత్ర ఆటగాళ్ల మార్పిడి అనే శాస్త్రానికే ఒక పాఠ్యగ్రంథం. ఆయన అర్జెంటీనాలో పుట్టి, 2016 రియో ఒలింపిక్స్‌లో ఆ దేశానికి స్వర్ణం తెచ్చి, తర్వాత దేశమే మార్చుకొని జర్మనీ తరఫున 2023లో భువనేశ్వర్‌లో ప్రపంచకప్పు గెలిచారు. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో జర్మనీ 3-2తో భారత్‌ను ఓడించినప్పుడు, ఆ మూడు గోల్స్‌లో ఒకటి ఆయనదే. ఆగస్టులో ఆయనను నోరారా తిట్టిన అభిమాని అక్టోబరులో ఆయన తన జట్టువాడని తెలుసుకొని, డిసెంబరుకల్లా ఆయన పేరు సరిగ్గా పలకడం నేర్చుకోవలసి వచ్చింది. మనసు మార్చుకోవడానికి ఆటగాడికి యాజమాన్యం డబ్బు ఇస్తుంది. అభిమాని ఆ పని ఉచితంగా చేస్తాడు.

పెయిలాట్‌కు అంత ధర ఎందుకో చెప్పడం న్యాయం. రక్షణ జట్టు తన గోలు ముందరి అర్ధవృత్తంలో తప్పు చేసినప్పుడు ప్రత్యర్థికి దక్కే అవకాశాన్ని ‘పెనాల్టీ కార్నర్’ అంటారు. అప్పుడు గోల్‌కీపరుతో కలిపి ఐదుగురే గోలు గీత వెనుక నిలబడాలి. దాడి చేసే జట్టులో ఒకడు గీత మీద నుంచి బంతిని బయటికి తోస్తే, అర్ధవృత్తం అంచున మరొకడు దానిని ఆపుతాడు. మూడోవాడు వంగి, బంతిని కర్ర వంపులో ఇరికించుకొని, రెండు అంగలపాటు నేల మీద లాక్కొచ్చి, నడుము తిప్పి ఒక్కసారిగా విసురుతాడు. దీనిని ‘డ్రాగ్ ఫ్లిక్’ అంటారు. బలంగా కొట్టే తొలి షాటు గోలు అడుగు పలక ఎత్తును మించకూడదన్న నిబంధన ఈ విసురుకు వర్తించదు కాబట్టి, బంతి గోల్‌కీపరు చెవి పక్క నుంచి కూడా దూసుకుపోవచ్చు. ఈ విద్యలో పెయిలాట్‌తో పోల్చదగినవారిని ప్రపంచం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

తొలి సీజన్‌లోనే తూఫాన్స్ సెమీఫైనల్లో సూర్మా జట్టును ఓడించి, 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో ఫైనల్ ఆడి, 3-4 తేడాతో బెంగాల్ టైగర్స్ చేతిలో ఓడిపోయింది. బెంగాల్ తరఫున జుగ్‌రాజ్ సింగ్ మూడు గోల్స్ చేశాడు. రెండో స్థానానికి 2 కోట్లు బహుమతి లభించింది, అంటే జట్టును కొన్న సొమ్ములో సగం తిరిగి వచ్చింది. అదే రోజు ఉదయం పార్లమెంటులో కేంద్ర బడ్జెట్ ప్రవేశపెట్టడం వల్ల మర్నాటి పత్రికలలో ఆదాయపు పన్ను మినహాయింపు ముందు ఈ వీరగాథ నిలవలేకపోయింది. ఊరేగింపు జరగలేదు, బాణసంచా కాలలేదు, చివరికి ఓటమికి సంతాపం చెప్పుకోవడానికి కూడా ఒక చోటు లేకపోయింది. జట్టు తన పేరున్న ఊళ్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు గనుక.

చోటు సంగతి వివరంగా చెప్పుకోవలసినది. 2024-25 సీజన్‌లో పురుషుల మ్యాచ్‌లు రూర్కెలా, రాంచీలలో జరిగాయి. 2026 జనవరి సీజన్ చెన్నై, రాంచీ, భువనేశ్వర్లకు వెళ్లింది. తొలి సీజన్ ఫైనల్లో హైదరాబాద్ జట్టును కళ్లారా చూడాలంటే యాకుత్‌పురా అభిమాని తెలంగాణ దాటి, ఛత్తీస్‌గఢ్ దాటి, ఒడిశా ఉత్తరపు అంచుకు చేరుకోవలసి వచ్చింది. విశాఖపట్నం కేంద్రంగా అదే లీగులో పుట్టిన మరో తెలుగు జట్టు గతి ఇంతకంటే విచిత్రం. దానికి ఒడిశాలోని కేంఝర్ జిల్లాలో ఉన్న గోనాసిక కొండ పేరు పెట్టారు. అది విశాఖలో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే తొలి సీజన్ తర్వాత తప్పుకుంది, దాని స్థానంలో రాంచీ రాయల్స్ వచ్చింది. సాగరతీరపు అభిమాని ఒకరోజు నిద్రలేచేసరికి అతని జట్టు ఝార్ఖండ్‌లో ఉంది. యూపీ రుద్రాస్ యజమానులు కూడా వైదొలగగా, ఆ స్థానంలో లీగు పాలక మండలి తానే ఒక జట్టును దించింది. పరీక్ష పెట్టేవారే పరీక్ష రాసిన ఈ ఏర్పాటుకు క్రీడా చరిత్రలో పోలికలు అరుదు. మహిళల విభాగంలో తొలి విజేత ఒడిశా వారియర్స్ మరుసటి సీజన్‌లో కనిపించలేదు. 2013లో పాత లీగు తొలి కప్పు గెలిచిన రాంచీ రైనోస్ కూడా 2015 నాటికి అంతర్ధానమైంది. వీటన్నిటినీ కలిపి చూస్తే, ఈ లీగులో కప్పు గెలవడం జట్టు ఆయుర్దాయానికి అంత మంచిది కాదన్న సిద్ధాంతం ఒకటి రూపుదిద్దుకుంటుంది. ఆ లెక్కన 2025 ఫైనల్లో తూఫాన్స్ ఓడిపోవడం దూరదృష్టితో చేసిన పనేమోనని శంకించవలసి వస్తుంది.

ఇన్ని మార్పుల మధ్య యాకుత్‌పురా వాసి నిబ్బరంగా ఉండగలగడానికి కారణం, ఈ విద్యలో అతనికి మైదానం బయట దొరికిన శిక్షణ. 2014లో మజ్లిస్ పార్టీ తరఫున చార్మినార్ నుంచి పాషా ఖాద్రీ, యాకుత్‌పురా నుంచి ముంతాజ్ అహ్మద్ ఖాన్ శాసనసభకు ఎన్నికయ్యారు. 2018లో పార్టీ వీరిద్దరినీ తారుమారు చేసి, ఇక్కడివారిని అక్కడికి, అక్కడివారిని ఇక్కడికి పంపగా ఇద్దరూ గెలిచారు. 2023లో ఇద్దరినీ పక్కన పెట్టి, యాకుత్‌పురాకు నాంపల్లి నుంచి జాఫర్ హుస్సేన్ మేరాజ్‌ను తెచ్చింది. రిటెన్షన్, రిలీజ్, మార్పిడి అనే పదాలతో హాకీ లీగు తిరిగి మొదలుకాక ముందే ఈ నియోజకవర్గం వాటి అర్థం అనుభవపూర్వకంగా గ్రహించింది. అయితే ఒక తేడా ఉంది. 2023లో ఆ అభ్యర్థి కేవలం 878 ఓట్ల ఆధిక్యంతో బయటపడ్డారు; అంటే మార్పు తనకు ఎంతవరకు నచ్చిందో యాజమాన్యానికి అంకెల్లో చెప్పే సాధనం ఓటరు చేతిలో ఉంది, ఆ అంకెను చూసి ఉలిక్కిపడవలసిన అవసరం యాజమాన్యానికీ ఉంది. హాకీ అభిమానికి అటువంటి సాధనం లేదు. జట్టును తెచ్చిన తీరు నచ్చక టికెట్ కొనకుండా ఉందామంటే, అతని ఊళ్లో టికెట్లే అమ్మరు. గ్యాలరీ ఖాళీ చేసి నిరసన తెలుపుదామంటే, ఆ గ్యాలరీ మరో రాష్ట్రంలో ఉంది. దానిని నింపడానికి అక్కడివారు చాలినంతమంది ఉన్నారు.

నిర్వాహకుల పక్షాన చెప్పదగిన మాట కూడా ఉంది. ఒడిశా ప్రభుత్వం 2018 నుంచి జాతీయ హాకీ జట్లకు స్పాన్సరుగా నిలిచింది. 2023 ప్రపంచకప్పు కోసం రూర్కెలాలో ఇరవై వేల మంది కూర్చోగల బిర్సా ముండా స్టేడియం కట్టింది. ఎనిమిది జట్లను ఎనిమిది ఊళ్లకు తిప్పడానికయ్యే ఖర్చు, కమిన్స్ జీతంతో ఐదు జట్లు వచ్చే ఆటకు భారమే. డబ్బు పెట్టినవాడి ముంగిట్లో ఆట జరగడం లోకరీతి. హైదరాబాద్‌కు ఆ ముంగిలి లేదనుకుంటేనే పొరపాటు. 2002 జాతీయ క్రీడల నాటి గచ్చిబౌలి క్రీడా ప్రాంగణంలో హాకీ స్టేడియం ఉంది. 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడల్లో భారత పురుషుల జట్టు పాకిస్తాన్‌ను ఓడించి స్వర్ణం గెలిచింది ఈ నగరంలోనే. 2005లో ప్రీమియర్ హాకీ లీగు తొలి సీజన్‌కు ఈ నగరమే వేదికైంది, కప్పు కూడా హైదరాబాద్ సుల్తాన్స్‌దే అయింది. ఆ లీగు 2008 తర్వాత మూతపడింది గానీ, సుల్తాన్స్‌ను తిట్టాలన్నా పొగడాలన్నా యాకుత్‌పురావాసి ఒడిశా దాకా పోనవసరం లేకపోయింది. స్టేషన్‌లో ఎంఎంటీఎస్ ఎక్కి, హైటెక్ సిటీలో దిగి, ఆటోవాడితో బేరం కుదిరితే సరిపోయే దూరం అది.

ఆటగాళ్ల విషయమూ ఇంతే. బార్సిలోనా, అట్లాంటా, సిడ్నీ ఒలింపిక్స్ మూడింటిలోనూ ఆడి, 2003లో పద్మశ్రీ అందుకున్న ముకేశ్ కుమార్ ఈ ఊరివాడు. నిజామాబాద్ నుంచి యెండల సౌందర్య, చిత్తూరు జిల్లా నుంచి గోల్‌కీపర్ ఇతిమరపు రజని జాతీయ మహిళా జట్టు దాకా వెళ్లారు. నేల ఒట్టిపోయిందని చెప్పడానికి ఆధారం లేదు. విత్తనం వేసేవారి చూపు వేలం బల్ల మీదే ఉంది. ప్రతి జట్టులోనూ నలుగురు జూనియర్లు తప్పనిసరి అని రాసుకున్న నిబంధనకు, అందులో ఒకడు జట్టు పేరున్న ఊరివాడై ఉండాలన్న ఒక్క వాక్యం చేర్చడానికి పర్స్ పెంచవలసిన పని లేదు.

కాబట్టి రాబోయే వేలానికి ముందు తూఫాన్స్ యాజమాన్యానికి, లీగు నిర్వాహకులకు యాకుత్‌పురా అభిమానుల తరఫున చేయదగిన విన్నపం ఇది. ఎవరిని ఉంచుతారో, ఎవరిని పంపుతారో మీ ఇష్టం; పెయిలాట్‌ను అట్టిపెట్టుకున్నా, ఆయన మూడో దేశానికి మారినా అభిమాని ఉచ్చారణ సరిచేసుకుంటాడు. కానీ వచ్చే సీజన్‌లో గచ్చిబౌలిలో రెండు మ్యాచ్‌లు పెట్టండి. బాగా ఆడితే వచ్చి చూస్తారు. ఆడకపోతే రాకుండా ఉండే హక్కు అయినా వారికి దక్కుతుంది.