కీళ్లవాతం ఉన్నవాళ్లు లేసు అల్లడం ఎలా?

నాకు కీళ్లవాతం లేదు. లేసు అల్లడమూ రాదు. కాబట్టి ఈ రెండింటి మీదా సలహాలు చెప్పడానికి నాకు ఏ అడ్డూ లేదు.

ముందు సూది సంగతి చూద్దాం. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవాళ్లకు పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. అరగంటకో, గంటకో, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగానో దారికొస్తాయి. ఇది తెలిసిన థెరపిస్టులు కొందరు 5, 6 మిల్లీమీటర్ల లావు సూది, దానికి తగ్గ లావు ఊలు కొనుక్కోమంటారు. పిడికి మెత్తటి రబ్బరు తొడుగు వేయమంటారు, అది లేకపోతే గుడ్డపీలిక చుట్టమంటారు. పిడి లావుగా ఉంటే గట్టిగా నొక్కిపట్టాల్సిన పని తగ్గుతుందట. మరి పరువు మాటేమిటి? లేసంటే నరసాపురం లేసు. 1844లో స్కాట్లండ్ మిషనరీలు మెక్రే దంపతులు అక్కడి ఆడవాళ్లకు నేర్పారని చెప్పుకునే పని, 2024లో భౌగోళిక గుర్తింపు అందుకున్న పని. సన్నదారంతో తప్ప దానికి ఆ అందం రాదు. మీరు ఊలుతో మొదలుపెడితే గోదావరి జిల్లాలు తలెత్తుకు తిరగగలవా? ఒక మిల్లీమీటరు స్టీలు సూదే కొనండి.

దారం నూలుదే తీసుకోండి. ఊలులా అది సాగదు కాబట్టి మీరు లాగిన ప్రతి లాగుడూ వేలి కీలుకే నేరుగా చేరుతుంది, మధ్యలో ఏమీ వృథా పోదు. రంగు నలుపైతే మేలు. నల్లదారంలో కుట్లు కనబడవు, కాబట్టి తప్పులూ కనబడవు. లేతరంగు దారం, పక్కన దీపం, వరసకొక పిన్నీసు గుర్తు అంటూ ఎవరైనా మొదలుపెడితే వాళ్లకు కాఫీ ఇచ్చి పంపేయండి.

సూది పట్టుకోవడానికి రెండు తీర్లున్నాయి. ఒకటి పెన్సిల్ పట్టుకున్నట్టు, రెండోది కూరగాయలు తరిగే చాకు పట్టుకున్నట్టు. ఏది పట్టుకున్నా కుట్టు ఒకేలా పడుతుంది. అయినా మీకు సుఖంగా ఉన్నది మానేసి, మీ పిన్నిగారు ఎలా పట్టుకుంటారో అలాగే పట్టుకోండి. అల్లికను బల్లకు క్లిప్పుతో బిగించి ఒంటిచేత్తో అల్లేవాళ్లు, చూపు లేకపోయినా వేళ్లతో తడిమి కుట్లు లెక్కపెట్టుకునేవాళ్లు ఉన్నారు. వాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి. ఉపయోగపడే మాటలేవో చెప్పేస్తారు.

మొదట ఏం అల్లాలి? డబుల్‌కాట్ దుప్పటి. అదీ ఏకఖండంగా. అరచేయంత చదరాలు ఒక్కొక్కటే అల్లి చివర కలిపితే చేతుల మీద బరువు పడదు, ఎక్కడ ఆపినా పని చెడదు. ఆ సౌకర్యమే అందులోని లోపం. ఏకఖండమైతే పని పెరిగేకొద్దీ బరువూ పెరుగుతుంది. మే నెల వచ్చేసరికి అంత దుప్పటినీ ఒళ్లో పెట్టుకొని మణికట్టుతో ఎత్తి తిప్పుతూ ఉంటారు. దుప్పటి వద్దనుకుంటే బొమ్మలు అల్లండి. లోపలి దూది బయటికి కనబడకుండా బొమ్మ కుట్లు బిగించి వేయాలి. బిగించడమే కదా వాచిన వేళ్లకు కావలసింది!

ఇరవై నిమిషాలకోసారి ఆపి వేళ్లు చాపుకోమనే మాట మీ చెవిన పడే ఉంటుంది. వేళ్లు వాచిన రోజు సూది ముట్టుకోవద్దనీ అంటారు. పట్టించుకోకండి. వరస మధ్యలో ఆపితే లేసుకు కోపం వస్తుంది. (ఇది ఏ పుస్తకంలోనూ లేదు. సలహా గట్టిగా చెబితే చాలు, పుస్తకం ఎవరూ అడగరు.)

ఇక అసలు విషయం, ఇంట్లోవాళ్లు. ఈ జబ్బు రోజుకో తీరుగా ఉంటుంది. నిన్న మూడు వరసలు అల్లిన చెయ్యి ఇవాళ కొళాయి తిప్పలేకపోవచ్చు. ఒకే రోజులోనే పొద్దుటి చెయ్యి వేరు, సాయంత్రం చెయ్యి వేరు. ఇది ఇంట్లోవాళ్లకు వివరించాలని ఎంతమాత్రం ప్రయత్నించకండి. మీ చేతిలో సూది చూడగానే వాళ్లకు మీ ఆరోగ్యం మొత్తం అర్థమైపోతుంది. పది నిమిషాలు అల్లిన మనిషి గారెలకు పప్పు రుబ్బలేదా? రుబ్బిన మనిషి బిందె ఎత్తలేదా? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఉద్యోగాల్లో రిజర్వేషన్ లాంటి వాటికి వైకల్యం 40 శాతమైనా ఉండాలి. మీ ఇంటి మెడికల్ బోర్డు లెక్క ఇంకా సులువు. సూది పట్టుకుంటే సున్నా శాతం, పట్టుకోకపోతే బద్ధకం. కాబట్టి గేటు చప్పుడైతే అల్లిక దిండు కింద దాచి, మూలగడం మొదలుపెట్టండి. సరదా కోసం చేసుకునే పని జబ్బుమనిషికి ఉండకూడదని మన లోకం ఎప్పుడో తీర్మానించేసింది.

మాత్రలు మానేయమని మాత్రం నేను చెప్పను. దానికి మీ చుట్టాలున్నారు. వేళ్లు కదిలితే వాతం అదే పోతుందనీ, ఫలానావారికి మెంతులతో పోయిందనీ వాళ్లే చెబుతారు.

చివరగా డబ్బు. ఎలాగూ ఇంట్లోనే ఉంటారు కాబట్టి ఆర్డర్లు పట్టండి. నరసాపురం లేసు పనివాళ్ల మీద మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో పుస్తకం వేసింది. ఇంటి చాకిరీ కాక రోజుకు గంటల తరబడి లేసు అల్లి ఎగుమతి సరుకు తయారుచేసే ఆడవాళ్లను ఊరంతా ఖాళీగా ఇంట్లో కూర్చున్న గృహిణులనే అనుకుంటుందనీ, కూలి అంత తక్కువగా ఉండటానికి ఆ అనుకోవడమే ఆసరా అనీ రాసింది. ఆ కిటుకు మీరూ వాడుకోవచ్చు. ఖాళీ సమయానికి వెల కట్టకండి, దారం ఖరీదు మాత్రం తీసుకోండి. నొప్పి ఉన్న చేతులతో గంట పని రెండు గంటలవుతుంది. ఆ రెండో గంటను ఎవరి లెక్కలోనూ వేయకండి. గడువు అడిగితే రేపే అనండి. దిండు గలీబులు రెండు అడిగితే నాలుగు ఒప్పుకోండి.

అన్నట్టు నాకూ ఒక టీపాయ్ గుడ్డ కావాలి. తెల్లది, గుండ్రంగా, అంచుకు నెమళ్లు రావాలి. సంక్రాంతికి చుట్టాలొస్తున్నారు, ఆలోపు ఇచ్చేయండి. దారం నేనే కొనిస్తాను.