ఒక్కరోజు అజ్ఞాతవాసం

పోయిన ఏడు బతుకమ్మ ఇంకో వారం ఉందనగా ఒక ఆదివారం పొద్దున ఏడు గంటలకు మా ఇంటి బియ్యం డబ్బాలో మూడు ఫోన్లు పాతిపెట్టాం. నాదొకటి, మా ఆవిడదొకటి, ఎనిమిదో తరగతి చదివే మావాడు ఆన్‌లైన్ క్లాసుల పేరుతో సంపాదించుకున్నది ఒకటి. పాత లుంగీలో మూటకట్టి, అడుగున పెట్టి, పైన నాలుగు శేర్ల బియ్యం పోసింది అమ్మ. ఫోన్ నీళ్లలో పడితే బియ్యంలో పెట్టమంటారు కదా, మనిషి ఫోన్‌లో పడినా వైద్యం అదేనట.

అసలు సంగతి ముందురోజు రాత్రి మొదలైంది. భోజనాల దగ్గర అమ్మ ఏదో చెబుతోంది. నేను ఫోన్ చూస్తూ ఊఁ కొడుతున్నాను. ఆమెకు అనుమానం వచ్చి పరీక్ష పెట్టింది. "నిన్న మనింట్ల దొంగలు పడ్డరు కొడుకా" అంది.

"ఊఁ, మంచిదమ్మా" అన్నానట.

"బీరువా మొత్తం ఊడ్సుకపోయిండ్రు."

"పోనీలే, పిల్లలు కదా" అన్నానట. నాకైతే గుర్తులేదు, కానీ ముగ్గురు సాక్షులున్నారు. వాళ్లలో ఇద్దరు కూడా ఫోన్లోనే ఉన్నారు కనుక ఆ సాక్ష్యం చెల్లదని వాదించాను. అమ్మ ఒప్పుకోలేదు.

"పాండవులంతటోళ్లే గాండీవం, గద అన్నీ మూటకట్టి జమ్మిచెట్టు మీద పెట్టి ఏడాది వెళ్లదీసిండ్రు. మీరు ఒక్క దినం ఉండలేరా?" అంది. భారతం నుంచి ఉదాహరణ వచ్చిందంటే మా ఇంట్లో ఇక అప్పీలు లేదు. షరతులు కూడా భారతంలోవే. దీపాలు పెట్టే వేళ దాకా అజ్ఞాతవాసం. మధ్యలో దొరికిపోతే పాండవులకు మళ్లీ పన్నెండేళ్ల అడవి, మాకు మళ్లీ పన్నెండు ఆదివారాలు.

మరి రోజంతా ఏం చెయ్యాలి? మావాడు సోషల్ పుస్తకం తెచ్చాడు. తెలంగాణ వచ్చింది 2014 జూన్ 2న. ఆ నవంబరులోనే రాష్ట్ర చిహ్నాలు ప్రకటించారు: పక్షి పాలపిట్ట, జంతువు జింక, చెట్టు జమ్మి, పువ్వు తంగేడు. వీటి మీద వాడికి పరీక్షలో నాలుగుకు నాలుగు మార్కులు వచ్చాయి. "ఎప్పుడైనా చూసినవారా?" అని అమ్మ అడిగితే "చూశా నానమ్మా, నలభై రెండో పేజీలో" అన్నాడు. అలా తేలింది కార్యక్రమం. మేం ఉండేది మేడ్చల్. శామీర్‌పేట దాకా వెళ్లి, చీకటి పడేలోపు నాలుగింటినీ కళ్లారా చూసి రావాలి.

బయల్దేరిన పావుగంటకే మొదటి కష్టం. జాతీయ రహదారి మీద నాగపూర్ దాకా కూడా ధైర్యంగా పోగలను కానీ, మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు అడ్డంగా పోయే దారి నాకు తెలియదు. ఇన్నేళ్లూ "రెండు వందల మీటర్లలో కుడివైపు తిరగండి" అనే గొంతు చెప్పినట్టు నడుచుకున్నవాణ్ని. మేకలు కాస్తున్న ఒక పెద్దాయన దగ్గర కారు ఆపాను.

"సీదా పో. కమాన్ వస్తది. గది ఇడిసిపెట్టు. ఇంకో కమాన్ వస్తది. గది గుడ ఇడిసిపెట్టు. మర్రిచెట్టు కాడ మలుగు."

"ఎంత దూరం పెద్దాయనా?"

"గీడికే."

ఈ 'గీడికే' అన్నది తెలంగాణ పల్లెల్లో అమల్లో ఉన్న కొలమానం. అర ఫర్లాంగు నుంచి అయిదు కిలోమీటర్ల దాకా ఎంతైనా అవుతుంది. రెండు కమాన్లు వచ్చాయి, వదిలేశాం. మర్రిచెట్టు మాత్రం ఎంతకీ రాలేదు. సైకిల్ మీద పోతున్నాయన్ను అడిగితే నవ్వాడు. "మర్రిచెట్టా? రోడ్డు ఎడల్పు జేసినప్పుడే కొట్టేసిండ్రు, రెండేండ్లాయె. ఎనకకు పోండ్రి, గా లేని చెట్టు కాడనే మలుగాలె!" లేని చెట్టును గుర్తుపట్టడం ఎలాగో మాకు తెలియలేదు. అమ్మకు తెలిసింది. "అగో, గాలి ఎక్కువ కొడుతున్న జాగ" అని చూపించింది. నిజంగానే అక్కడ దారి చీలింది.

తంగేడు ఆ మలుపులోనే దొరికింది. రోడ్డు పక్క గట్టు పొడుగునా పసుపు ఆరబోసినట్టు పూసి ఉంది. మా ఆవిడ కారు పూర్తిగా ఆగకముందే దిగింది. బతుకమ్మ పేర్చేటప్పుడు అడుగు వరుసకు తంగేడు ఉండాల్సిందే, ఆ పైనే గునుగు. పండగ ముందురోజు బజారులో పిడికెడు కట్ట కోసం ఆవిడ చేసే బేరం నాకు తెలుసు. ఇక్కడ అడిగేవాడు లేడు, ఆపేవాడు లేడు. పండగ నాటికి వాడిపోతాయని అమ్మ చెబుతున్నా వినకుండా ఒడి నింపుకుంది. "దీని చెక్కతోనే ఎనకట తోళ్లు ఊనేటోళ్లు" అని అమ్మ చెప్పింది. ఆ ముక్క పుస్తకంలో లేదని మావాడు చేతి మీద పెన్నుతో రాసుకున్నాడు.

రెండోదైన జమ్మి మమ్మల్ని నేరుగా ఒక వెంచర్లోకి తీసుకుపోయింది. ఒకప్పుడు ఈ దిక్కంతా ద్రాక్ష తోటలు. అనాబె షాహీ గుత్తులు పందిళ్ల నుంచి నెత్తికి తగిలేవని అమ్మ చెబుతుంది. పందిళ్ల కోసం అప్పుడూ రాళ్లే పాతారు, ఇప్పుడు ప్లాట్ల కోసమూ రాళ్లే పాతుతున్నారు. అప్పటి రాళ్ల మధ్య పండ్లు కాసేవి, ఇప్పుడు నెంబర్లు కాస్తున్నాయి. ఆ తెల్ల రాళ్ల నడుమ, బహుశా ఎవరో వాస్తు అడ్డం చెప్పడం వల్ల బతికిపోయిన ఒక జమ్మిచెట్టు నిలబడి ఉంది.

మేం దిగి చెట్టు చుట్టూ తిరుగుతున్నామో లేదో, ఎక్కడి నుంచి వచ్చాడో గాని టై కట్టుకున్న కుర్రాడొకడు చత్రీతో, నాలుగు నీళ్ల సీసాలతో పరుగెత్తుకొచ్చాడు. ఆదివారం శామీర్‌పేట దిక్కు కారు దిగి నేల వంక చూసేవాణ్ని ఎవరైనా ప్లాటు కొనేవాడనే అనుకుంటారు.

"నమస్తే సార్! ఔటర్ ఎగ్జిట్ ఇక్కడికి పది నిమిషాలే సార్." ఔటర్ రింగు రోడ్డు పొడవు 158 కిలోమీటర్లు. దాని చుట్టూ ఏ వెంచర్‌కు పోయినా ఎగ్జిట్ పది నిమిషాలే. ఇది గణితానికి అందని విషయం. "ఈస్ట్ ఫేసింగ్ కావాలా సార్, వెస్టా?"

"చెట్టు ఫేసింగ్" అన్నాడు మావాడు.

కుర్రాడు తడబడలేదు. "చెట్టు కావాలంటే ఉంచుతాం సార్, వద్దంటే తీయిస్తాం."

అమ్మ ముందుకొచ్చింది. "జమ్మిని కొడతవా బిడ్డా? దసరా నాడు ఊరు ఊరంతా దీని కాడికే రావాలె. ఈ ఆకునే బంగారమని చేతుల పెట్టి పెద్దోళ్ల కాళ్లు మొక్కుతరు. నీ ప్లాట్లన్నిట్ల బంగారం ఉన్న ప్లాటు ఇదొక్కటే." ఆ ఆఖరి వాక్యం అతను బ్రోషర్ వెనక రాసుకోవడం నేను చూశాను.

"మీ నెంబర్ చెప్పండి సార్."

ఫోన్ లేదన్నాను. అతను నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. ఈ కాలంలో ఫోన్ లేకుండా కారులో తిరిగేవాడంటే మామూలు పార్టీ కాదు, చాలా పెద్ద పార్టీ అని లెక్కవేసినట్టున్నాడు. కూల్‌డ్రింక్ తెప్పించాడు. నెంబరైనా చెప్పమన్నాడు. గర్వంగా నోరు తెరిచాను, తొమ్మిది అంకెల దాకా వచ్చి ఆగిపోయాను. మా ఆవిడకు నా నెంబర్ తెలియదు, ఆవిడ ఫోన్లో నా పేరు మాత్రమే ఉంటుంది. మావాడు మాత్రం పది అంకెలూ ఎక్కం అప్పజెప్పినట్టు గడగడా చెప్పేశాడు. ఆ క్షణాన వాడి జ్ఞాపకశక్తికి మురిసిపోయాను.

జింక దగ్గర ఎక్కువ శ్రమ లేదు. శామీర్‌పేట చెరువుకు దగ్గర్లోనే జవహర్ జింకల పార్కు ఉంది. జింకను వెతుక్కుంటూ పోయినవాడు ఇంటికొచ్చేసరికి ఏమైందో రామాయణంలో ఉంది కనుక మా ఆవిడను ఒక్కదాన్నే వదలకుండా అందరం కలిసే వెళ్లాం. చెట్ల నీడలో చుక్కల జింకలు నెమరువేస్తున్నాయి. ఒకటి తలెత్తి మా వంక చూసింది. అంతే, మా ముగ్గురి చేతులూ ఒకేసారి జేబులకు, సంచికి పోయి ఖాళీగా తిరిగొచ్చాయి. గాండీవం లేని అర్జునుడు అమ్ముల పొదిలోకి చెయ్యి పెట్టుకున్నట్టు. ఆ చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక కాసేపు కట్టుకున్నాం. జింక కూడా అలా చూసి చూసి, వీళ్లు ఫొటో ఎందుకు తియ్యడం లేదా అని విసుగొచ్చి పోయినట్టుంది.

ఇక మిగిలింది పాలపిట్ట. చెరువుకట్ట ఎక్కాం. వానలు బాగా పడ్డాయి, నీళ్లు నిండుగా ఉన్నాయి. ఈ శామీర్‌పేట దిక్కున గొప్ప గొప్పవే ఉన్నాయి. లాయర్లను తయారుచేసే నల్సార్ ఉంది, ప్రపంచానికి టీకాలు పంపే జీనోమ్ వ్యాలీ ఉంది. కానీ ఆకలేసినప్పుడు కనపడేది మక్క కంకుల బండి ఒక్కటే. నాలుగు కంకులు, నూట ఇరవై రూపాయలు. జేబులో ఉన్నది ఒక్క అయిదు వందల నోటు.

"చిల్లర ఏడిది కొడుకా? అందరు గా పలకకే కొడుతున్నరు" అంది బండి అవ్వ. బొగ్గుల పక్కన చతురస్రాల బొమ్మ వేలాడుతోంది, దాని కింద డబ్బు పడ్డప్పుడల్లా అరిచే డబ్బా. మా దగ్గర ఫోన్ లేదంటే ఆమె జాలిపడింది. "ఎత్తుకపోయిండ్రా?"

"లేదవ్వా, బియ్యంల ఉన్నయ్" అంది అమ్మ. అవ్వ ఇంకేం అడగలేదు.

నోటు పక్కనున్న జామకాయల ఆమె దగ్గరకు పోయింది, అక్కణ్నుంచి సీతాఫలాల తట్టకు, అక్కణ్నుంచి చాయ్ బండికి. పది నిమిషాలు కట్ట మీద నలుగురి మధ్య అరుపుల్లోనే లెక్కలు నడిచాయి. చివరికి నాకు రావాల్సిన మూడు వందల ఎనభై ఇలా వచ్చింది: నాలుగు చాయ్‌లు అరవై, కిలో జామకాయలు ఎనభై, సీతాఫలాలు నూట నలభై, రొక్కం వంద. నేను నాలుగు కంకులు అడిగిన పాపానికి నాతో నలుగురు వ్యాపారం చేశారు. ఆ లెక్కలో వాళ్లు మా ఊరేదో, మావాడి చదువేందో, అమ్మ మోకాళ్ల నొప్పికి ఏ ఆకు కట్టాలో కూడా తేల్చేశారు. పలకకు కొట్టి ఉంటే "నూట ఇరవై రూపాయలు అందాయి" అని డబ్బా అనేది, మేం వెళ్లిపోయేవాళ్లం.

చాయ్ తాగుతుండగా మావాడు అరిచాడు. "పాలపిట్ట!" నీటి ఒడ్డున కొమ్మ మీద నీలం రెక్కల పిట్ట. మా ఆవిడ కాదంది, లకుముకి పిట్ట అంది. ముక్కు ఎర్రగా ఉందంది. పాలపిట్టకు ముక్కు ఏ రంగో చెప్పమన్నాను. ఎవరికీ తెలియదు. నలభై రెండో పేజీలో బొమ్మ చిన్నదట. గోధుమ రంగు రెంటికీ ఉంది, నీలం రెంటికీ ఉంది. మామూలు రోజైతే అర నిమిషంలో తేలిపోయి, ముగ్గురం మళ్లీ మూడు మూలలకు పోయేవాళ్లం. ఆ రోజు తేల్చేదేదీ లేదు. కనుక వాదన పెరిగింది, మావాడి పుట్టువెంట్రుకల నాడు మా బావమరిది ఏమన్నాడో అక్కడి దాకా పోయింది. నాకు తెలిసి మేం ముగ్గురం ఒకే విషయం మీద అంతసేపు మాట్లాడుకోవడం చాలా ఏళ్ల తర్వాత అదే.

పక్కన గాలం వేసుకుని ఒకాయన కూర్చున్నాడు. మా గొడవకు చేపలు బెదిరి పోయాయేమో, చివరికి తిరిగాడు.

"గది లకుముకి. పాలపిట్ట మీ ఎనకాల తీగ మీద కూసుంది. మీరు కొట్లాట షురూ జేసిన కాన్నుంచి గాడనే ఉంది."

తిరిగి చూశాం. కరెంటు తీగ మీద మట్టిరంగు పిట్ట, మెడ లోపలికి లాక్కుని ముసలి పట్వారీలా కూర్చుంది. ఇదా, దసరా నాడు జనం ఊరు దాటి వెళ్లి మరీ చూసేది? మావాడి మొహం వాడిపోయింది. అంతలో అది ఎగిరింది. మడిచిన రెక్కల్లోంచి ముదురు నీలం, లేత నీలం ఒక్కసారిగా విచ్చుకుని చెరువు మీదుగా పోయాయి. ఎవరి చెయ్యీ ఈసారి జేబులోకి పోలేదు. అమ్మ దండం పెట్టుకుంది. ముక్కు నల్లగా ఉందని మావాడు చేతి మీద రాసుకున్నాడు.

ఇంటికొచ్చి అమ్మ దీపం పెట్టాక, నాలుగుకు నాలుగు తెచ్చుకున్న విజయగర్వంతో బియ్యం తవ్వాం. నా ఫోన్లో అరవై మూడు మెసేజ్‌లు, అందులో నలభై దాకా పూల బొమ్మల శుభోదయాలు. తెలియని నెంబర్ నుంచి ఏడు మిస్డ్ కాల్స్, కింద ఒక సందేశం. "నమస్తే సార్. మీ జమ్మిచెట్టు ప్లాట్ రెండు రోజులు హోల్డ్‌లో పెట్టాను. 'బంగారం ఉన్న ప్లాట్' అని చాలామంది అడుగుతున్నారు. అమ్మగారికి నమస్కారాలు." సమయం 5:52.

"అంటే దీపానికి ముందే మన ఆచూకీ తెలిసిపోయింది" అన్నాడు మావాడు, ఆ నెంబర్ ఇచ్చింది తాను కానట్టు.

నేను భీష్ముడి లెక్క తీశాను. అధిక మాసాలు కలిపితే పాండవుల గడువు ముందే తీరిపోయిందని ఆయన తేల్చలేదా, అలాగే పొద్దున అరగంట ముందు లేచాం కనుక అది కూడా కలపాలన్నాను. కానీ మా ఇంటి భీష్ముడు దుర్యోధనుడి పక్షం.

"పన్నెండు ఆదివారాలు" అంది అమ్మ.

మావాడు గంతేశాడు. "నానమ్మా, రాష్ట్రానికి చేప కూడా ఉంది, కొర్రమీను. వచ్చే ఆదివారం అది చూద్దామా?"

"చూసుడెందుకురా? తెచ్చి పులుసు పెడత."

నేను లేచి వెళ్లి డబ్బాలో బియ్యం ఎన్ని ఉన్నాయో చూశాను. పులుసులోకీ, ఫోన్లకీ కలిపి సరిపోవాలి కదా.