పట్టాభిషేకము లేని పట్టాభిషేకము

అమెరికా రాజ్యాంగము అధికారమును చేపట్టు అధ్యక్షుని నుండి కోరునది 35 మాటల ప్రమాణము మాత్రమే. గ్రంథముపై చేయి యుంచవలెనని గాని, ఫిరంగులు మ్రోయవలెనని గాని, రాత్రి నాట్యవినోదములు సాగవలెనని గాని దానిని రచించిన పెద్దలు విధింపలేదు. అయినను, పెండ్లికి మూడు ముళ్లు చాలునని యెఱిఁగియు పందిరి వేయుట మానిన గృహస్థు లేనట్లే, రాజును వలదని పోరాడిన ఆ ప్రజలకును రాజోపచారములు లేని ప్రజాస్వామ్యము రుచింపలేదు.

1789 ఏప్రిల్ 30వ తేదీన న్యూయార్కు నగరమున ఫెడరల్ హాలు మేడ వసారాపై ప్రమాణము చేసిన జార్జి వాషింగ్టను, విస్తారమైన భూములుండియు చేత రొక్కము లేక, అప్పు చేసి ప్రయాణమైనవాఁడు. ఆనాఁటి బైబిలు సైతము మేసనుల లాడ్జీ నుండి ఎరువు తెచ్చినదే. నేఁడు ఈ ప్రమాణస్వీకారోత్సవమునకు కోటీశ్వరులును కంపెనీలును పోటీపడి చందాలు సమర్పించుచున్నందున అధ్యక్షునకు అట్టి యవస్థ లేదు. ఆనాఁడు ఋణపడి వచ్చెను. నేఁడు వచ్చుచునే ఋణపడుచున్నాఁడు.

ఉపన్యాసముల చరిత్రయు విచిత్రమైనది. వాషింగ్టను రెండవ మాఱు 135 మాటలతో ముగించెను. 1841లో హారిసను మహాశయుఁడు చలిగాలిలో కోటును టోపీయు లేక, రెండు గంటలకు చేరువగా 8,445 మాటలు పలికి, నెలదినములకే పరమపదించెను. కారణము కలుషిత జలమని నేఁటి వైద్యులు కొందఱు శంకించుచున్నను, శ్రోతలకు మాత్రము ఉపన్యాసము మీఁదనే అనుమానము. 2009లో ప్రధాన న్యాయమూర్తి చెప్పించిన ప్రమాణములో ఒక మాట స్థానము తప్పినందున, ఒబామా మఱునాఁడు దానిని మరలఁ జేసెను. ఎన్నికల వాగ్దానములలో ఎన్ని మాటలు తప్పినను ఇట్టి ప్రాయశ్చిత్తము విధింపఁబడకుండుట అధ్యక్షుల అదృష్టము.

1923లో అధ్యక్షుఁడు హార్డింగు మరణవార్త నడిరేయి చేరఁగా, ఉపాధ్యక్షుఁడు కూలిడ్జి తన పల్లెయింట కిరసనాయిలు దీపపు వెలుఁగున, నోటరీయైన కన్నతండ్రి యెదుటనే ప్రమాణము చేసి పోయి పండుకొనెను. ఫిరంగి మ్రోగలేదు, దేశమున కేమియు కాలేదు.

అట్లని ఈ యుత్సవము నిరర్థకము కాదు. రాజ్యములలో సాధారణముగా పాతరాజు కన్ను మూసినఁగాని క్రొత్తరాజునకు కిరీటము లేదు. ఇచ్చటనో, దిగిపోవువాఁడు సజీవుఁడై అదే వేదికపైఁ గూర్చుండి, తన పదవి నందుకొన్నవాని వైభవమును చిఱునవ్వుతోఁ జూడవలెను. ఇంతటి కఠిన తపస్సు అందఱకును సాధ్యము కాదు. 1801లో జాన్ ఆడమ్సు తెల్లవారకమునుపే బండి యెక్కెను. 1829లో ఆయన కుమారుఁడును తండ్రిబాటనే పట్టెను. 1869లో ఆండ్రూ జాన్సను వెళ్లలేదు. 2021లో ట్రంపును రాలేదు. ఆ ట్రంపే 2025లో చలికి వెఱచి కాంగ్రెసు భవనపు గోపురము క్రింద మరల ప్రమాణము చేయఁగా, దిగిపోవు బైడెను వచ్చి కూర్చుండెను. గెలిచినవాఁడు వచ్చుటలో వింత యేమున్నది? దిగిపోవువాఁడు వచ్చిన దినముననే ప్రజాస్వామ్యమునకు నిజమైన పట్టాభిషేకము.