నేనూ మీ డాబా మీది ట్యాంకూ

వికారాబాద్ దగ్గరి కోట్‌పల్లి ప్రాజెక్టులో, సెలవు రోజున హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు తెడ్డేసుకుంటూ తిరిగే ఒంటిమనిషి కయాక్‌ని నేను. ఒడ్డుకు లాక్కొచ్చిన ప్రతిసారీ మొరం మీద, బండరాళ్ల మీద అరిగి అరిగి నా వెనక అడుగుభాగం పలచబడింది, చివరికి జానెడు పొడవున చీలింది. నాలాంటి పడవలకు దెబ్బ తగిలే చోటు చాలావరకు అదే. ప్లాస్టిక్ పడవ పగిలితే ఇక పాత సామాన్లవాడికే అని అందరూ తేల్చేస్తారు. అది తప్పని నేనంటాను. తాండూరులోనో వికారాబాద్‌లోనో ఇంటి ముందు నీడన పెట్టుకుని నన్ను బాగుచేయవచ్చు. అందుకు కావలసిన విద్య ఈ ఊళ్లకు కొత్తది కాదు. అది నాకూ పనికొస్తుందని ఎవరికీ తోచలేదు, అంతే.

నా పుట్టుక తెలిస్తే ఈ మాట నమ్ముతారు. పాలిథిన్ పొడిని లోహపు అచ్చులో పోసి మూత బిగించి, వేడి గదిలో అచ్చును అటూ ఇటూ రెండు వైపులా తిప్పుతారు. పొడి కరిగి లోపలి గోడకు పొరగా పట్టుకుంటుంది. చల్లారాక అచ్చు విప్పితే ఎక్కడా అతుకులేని బోలు ఒళ్లు బయటికొస్తుంది. మీ డాబా మీది నీళ్ల ట్యాంకును చేసేదీ ఇలాగే. సరుకు ఒకటే, పద్ధతి ఒకటే, ఆకారంలోనే తేడా. ట్యాంకు చీలితే ఎవరూ వెంటనే కొత్తది కొనరు, అతికేవాణ్ణి పిలుస్తారు. అతను కాల్చిన ఇనుముతో చీలిక అంచులను కరిగించి, అదే రకం ప్లాస్టిక్ ముక్కను అందులోకి కరిగించి పూడ్చేస్తాడు. ఆ చెయ్యి నా మీద పడకూడదా?

ఇంట్లో చేసిన మరమ్మతు ఎన్నాళ్లూ నిలవదని కొందరంటారు. వాళ్లు చూసింది అబద్ధం కాదు, కాకపోతే తప్పు జిగురుది. పాలిథిన్‌కు మామూలు జిగుళ్లు పట్టవు. ఎపాక్సీ ముద్ద పెడితే గట్టిపడినట్టే ఉంటుంది, నేను నీటిలో కాస్త వంగగానే పెచ్చులా లేచిపోతుంది. ఫైబర్ పడవకు రెసిన్, గాజు చాప వేసి అతికితే నిలుస్తుంది, నాకు నిలవదు. నాకు పనిచేసేది వేడి ఒక్కటే. దాదాపు 125, 130 డిగ్రీల మధ్య నేను కరుగుతాను. ముందు నన్ను లోపలా బయటా ఆరబెట్టాలి. చీలిక రెండు కొసల్లో చిన్న బెజ్జం వేయాలి, లేకపోతే అది ఇంకా ముందుకు పాకుతుంది. తరవాత చీలిక పొడవునా వాలుగా గాడి తీసి, నా జాతి ప్లాస్టిక్ పట్టీని అందులో పెట్టి, పట్టీ, అంచులు కలిసి ఒకే ముద్దయ్యేదాకా ఇనుము తిప్పాలి. వేడి చాలకపోతే పట్టీ పైపైన పేరుకుంటుంది, మించితే పొగలు వచ్చి గోధుమరంగుకు మారి పెళుసెక్కుతుంది. ఆ పొగ పీల్చకూడదు, అందుకే ఈ పని ఆరుబయట చేయాలి. కరగని రకం పాలిథిన్‌తో చేసిన కయాక్‌లూ కొన్ని ఉన్నాయి. ఒక మూల ఇనుము ఆనించి చూస్తే సంగతి తెలిసిపోతుంది.

ఇంతకంటే బుట్టలాంటి వెదురు పడవ, పుట్టి, నయం కదా, అంటారు ఇంకొందరు. పుట్టిని నేను ఎంతో గౌరవిస్తాను. వెదురు అల్లిక ఒకటి, పైతొడుగు ఒకటి. ఒకటి చెడితే రెండోదాన్ని పారేయనక్కర్లేదు. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, లోపల బెత్తం, పైన తోలుతో గుండ్రంగా ఉండే ఇలాంటి పడవలు తుంగభద్ర మీద పదిహేను ఇరవై మందిని దాటించడం చూసి రాశాడు. అంతకు దాదాపు రెండువేల ఏళ్ల ముందే హెరొడొటస్ బాబిలోన్ తోలు పడవల గురించి చెబుతూ, సరుకుతో పాటు చట్రాన్నీ అక్కడే అమ్మేసి, తోళ్లను మాత్రం గాడిదల మీద వెనక్కి తీసుకెళ్లేవారని రాశాడు. ఇప్పుడు మన పుట్టికి తోలు పోయి ప్లాస్టిక్ సంచులు, తారు వచ్చాయి. కారితే ఆ చోట సంచి ముక్క వేసి తారు పూస్తే సరి. పుట్టి ఇన్ని శతాబ్దాలు బతికింది వెదురు గట్టితనంతోనే కాదు, నడిపేవాడికే దాన్ని బాగుచేయడం వచ్చు గనుక. నాకు లేనిది ఆ భాగ్యమే. నన్ను కొన్నవాళ్లకు నా ఒంటి సంగతి ఎవరూ చెప్పలేదు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ప్రాణాలది, దాన్ని తేలిగ్గా తీసేయను. నా ఒళ్లు బోలు. చీలిక సన్నగా ఉంటే నీళ్లు కంటికి కనబడకుండా లోపల చేరతాయి. నేను వెంటనే మునగను, పాలిథిన్ నీటికంటే తేలిక. కానీ లోపలి నీళ్లు ఒరిగిన వైపుకే దొర్లి నన్ను ఇంకా ఒరిగిస్తాయి, కూర్చున్నవాళ్లు బోల్తా పడతారు. అందుకే అతికాక నా లోపల కొద్దిగా నీళ్లు పోసి, అతుకు మీద నిలిచేలా వంచి రాత్రంతా ఉంచాలి. బయట తడి కనబడితే మళ్లీ మొదటికే. కనబడకపోయినా కొన్నాళ్లు ఒడ్డుకు దూరంగా పోనివ్వకూడదు. లైఫ్ జాకెట్ ఎటూ ఉండాల్సిందే, అది నేను కొత్తగా ఉన్నా తప్పదు. నిజానికి అతికిన పడవకంటే నాకు భయం వేసేది ఎవరూ తిరగేసి చూడని పడవను తలచుకుంటేనే. అడుగు పలచబడుతున్నది చీలకముందే చూస్తే తెలుస్తుంది.

అన్నిటినీ అతకమని నేననను. సొట్టకు మరమ్మతే అక్కర్లేదు. కాసేపు ఎండలో పెట్టి లోపలి నుంచి నెడితే చాలావరకు పాత రూపానికి వస్తుంది. ఆ ఎండే ఏళ్ల తరబడి తగిలితే రంగు వెలిసి, రుద్దితే తెల్లటి పొడి చేతికంటుతుంది. అలాంటి చోట ఎంత బాగా అతికినా పక్కనే మళ్లీ చీలుతుంది, ఆ పడవను నీటికి దించకూడదు. అయితే దాన్ని మొత్తంగా తుక్కుకు ఎత్తేయనక్కర్లేదు. ఎండ సోకని లోపలి భాగాలు పెళుసెక్కకుండా ఉంటాయి. వాటిని వేలెడు వెడల్పు పట్టీలుగా కోసి, ఏ పడవవో గుర్తు రాసి, పడవలు పెట్టే పాకలో ఒక సంచిలో ఉంచితే, వచ్చే ఏడు నా పక్కనున్న కయాక్ చీలినప్పుడు దానికి సరిపడే ప్లాస్టిక్ కోసం హైదరాబాద్ దాకా వెళ్లే పని తప్పుతుంది.