స్విఫ్ట్ సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: స్పోర్టీ లుక్కు సార్, బడ్జెట్‌ల వస్తది, మైలేజ్ మస్తు ఇస్తది, డైలీకి ఇంకేం గావాలె.

ఈ సూత్రానికి కర్త ఎవరో తెలియదు. మెడలో ఐడీ కార్డు, చేతిలో ట్యాబ్, ఇన్‌షర్ట్ చేసిన తెల్లచొక్కా ధరించి కార్ల షోరూముల్లో సంచరించే సేల్స్ కుర్రాళ్ల నోట ఇది గురుశిష్య పరంపరగా వస్తోంది. పైన ఇచ్చింది కూకట్‌పల్లి ప్రతి. బెజవాడ ప్రతిలో చివర 'ఇంకేం కావాలండీ' అని పాఠాంతరం కనిపిస్తుంది. అర్థంలో భేదం లేదు, మర్యాదలో ఉంది.

ఇటువంటి పనికి పూనుకున్నవాడు మెతుకుసీమ బిడ్డ కోలాచలం మల్లినాథసూరిని తలుచుకోకుండా కలం పట్టకూడదు. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఆ మహానుభావుడి ప్రతిజ్ఞ. కిరాతార్జునీయానికి ఆయన రాసిన వ్యాఖ్య పేరు 'ఘంటాపథం', అంటే రాజమార్గం. కాబట్టి రోడ్ల సంగతి టీకాకారులకు మరీ పరాయిదేమీ కాదు. ప్రతిజ్ఞలో మొదటి సగాన్ని ఇక్కడా పాటించడమైనది. రెండో సగం దగ్గర పత్రికలవాళ్లకు కాస్త వెసులుబాటు ఉంది.

సూత్రంలో కర్తృపదం లోపించింది. ఏ కారు? సందర్భాన్ని బట్టి 'మారుతీ సుజుకీ స్విఫ్ట్' అని అధ్యాహారం చేసుకోవాలి. 2005 మే నెలలో ఈ కారు మన దేశంలో అడుగుపెట్టిన దగ్గర్నుంచి సూత్రాన్ని ఎక్కువసార్లు వల్లించింది దీని పక్కన నిలబడే. 2011లో రెండో అవతారం, 2018లో మూడోది, 2024 మేలో నాలుగోది. పొడవు 3,860 మిల్లీమీటర్లు, బరువు సుమారు 920 కిలోలు, లోపల 1.2 లీటర్ల పెట్రోలు ఇంజన్.

ఇక ప్రతిపదార్థం.

'స్పోర్టీ లుక్కు.' స్పోర్టీ = పందెపు కార్ల పోకడ గల; లుక్కు = పైకి కనపడే రూపు. తొందరపాటు పాఠకుడు జారిపడేది ఇక్కడే. విశేషణం లుక్కుకు గానీ కారుకు కాదు. కుర్రాడు 'స్పోర్టీ కారు' అనలేదు, అంటే అబద్ధమయ్యేదేమో. పూర్వావతారంలో 1.2 లీటర్ల ఇంజనుకు నాలుగు సిలిండర్లు, 90 హార్స్‌పవర్. 2024లో వచ్చిన ఇంజన్ కూడా 1.2 లీటర్లదే, కానీ సిలిండర్లు మూడు, హార్స్‌పవర్ 82. అవతారం మారినప్పుడు బలం పెరగడం పురాణ సంప్రదాయం. ఇక్కడ ఎనిమిది గుర్రాలు తగ్గాయి. పెరిగిందల్లా మైలేజీ. మాన్యువల్ గేర్లతో కంపెనీ లెక్క లీటరుకు 22.38 కిలోమీటర్ల నుంచి 24.80కి చేరింది. దేశం అడిగింది అదే మరి.

పూర్వపక్షం: గుర్రాలు తగ్గించి, బంపర్‌కు కోరలు చెక్కి, స్పోర్టీ అని అమ్మడం మోసం కాదా?

సమాధానం: కాదు, కానీ జవాబు బ్రోషర్‌లో ఉండదు. 2005 నాటి మొదటి స్విఫ్ట్‌లో 1.3 లీటర్ల ఇంజన్ ఇచ్చింది 87 హార్స్‌పవర్. దాని బరువు వెయ్యి కిలోలకు కాస్త అటూ ఇటూ. అంటే టన్నుకు 87 గుర్రాల చుట్టూ. ఇప్పటి కారు 82 గుర్రాలతో 920 కిలోలు లాగుతోంది, టన్నుకు 89. ఇరవై ఏళ్ల కింద ఏ కారుకైతే 'నడిపితే మజా వస్తుంది' అని పేరొచ్చిందో, లెక్కలో ఇది దానికి ఏమీ తీసిపోలేదు. మజా ఇంజనులో కన్నా తేలికదనంలో, 2,450 మిల్లీమీటర్ల చక్రాల ఎడంలో, 4.8 మీటర్ల టర్నింగ్ రేడియస్‌లో ఎక్కువగా దాగి ఉంది. మెట్రో స్తంభాల మధ్య ఇచ్చిన ఇరుకు యూ-టర్న్‌లో పెద్ద కారువాడు ఒకసారి రివర్స్ వేసుకుని, వెనక ఆటోవాడి చేత నాలుగు మాటలు పడి తిరుగుతాడు. స్విఫ్ట్‌వాడు ఒకే చుట్టులో తిరిగి వెళ్లిపోతాడు. దీన్ని స్పోర్ట్ అనకపోతే ఇంకేమనాలో వ్యాఖ్యాతకు తోచదు.

అయితే ఒక షరతు. ఈ ఇంజన్ టార్క్ 112 న్యూటన్ మీటర్లు, అదీ 4,300 ఆర్‌పీఎమ్ దగ్గర. ట్రాఫిక్‌లో వేగం పడిపోయాక మూడో గేరులోనే ఉంచి తొక్కితే కారు ఆలోచనలో పడుతుంది. రెండులోకి దింపితే చురుగ్గా అందుకుంటుంది. కుడికాలు ఒక్కటే పనిచేస్తే చాలదు, ఎడమచెయ్యి కూడా కలవాలి. గేరు మార్చడం ఇష్టమున్నవాళ్లకు ఇది సరదా, లేనివాళ్లకు చాకిరీ.

డీజిల్ కాలం చూసినవాళ్లు ఇక్కడ నిట్టూర్చడం ఆనవాయితీ. 2007లో స్విఫ్ట్‌లోకి వచ్చిన 1.3 లీటర్ల డీజిల్ ఇంజన్ అసలు ఫియట్ వాళ్లది. గుర్రాలు 75 మాత్రమే, టార్క్ 190 న్యూటన్ మీటర్లు. 2,000 ఆర్‌పీఎమ్ దాకా మొద్దునిద్ర, ఆ తర్వాత ఎవరో వెనక నుంచి నెట్టినట్టు దూకుడు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు రావడంతో మారుతీ డీజిల్‌కు స్వస్తి చెప్పింది. సెకండ్ హ్యాండ్ బేరాల్లో ఆ కారు పేరు ఇప్పటికీ గౌరవంగానే పలుకుతారు.

పాఠాంతర విచారం. జపాను ప్రతుల్లో 'లుక్కు' అనే పదం లేకుండా ఉత్త 'స్పోర్ట్' అనే పాఠం ఉంది. 2017లో అక్కడ విడుదలైన స్విఫ్ట్ స్పోర్ట్ అది. 1.4 లీటర్ల టర్బో ఇంజన్, 140 హార్స్‌పవర్, 970 కిలోల బరువు. టన్నుకు 144 గుర్రాలు! ఆ పాఠం భారతీయ ప్రతుల్లోకి రానే లేదు. లేఖకుల పొరపాటు కాదది, పన్నుల శాస్త్రం. మన దగ్గర పెట్రోలు కారు 'చిన్న కారు' అనిపించుకోవాలంటే పొడవు నాలుగు మీటర్లు, ఇంజన్ 1,200 సీసీ మించరాదు. మించకపోతే 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 18 శాతం, మించితే 40. స్విఫ్ట్ స్పోర్ట్ పొడవులో పాసై సీసీలో తప్పుతుంది. ఈ నాలుగు మీటర్ల గీత ఎంత బలమైనదంటే, 2008లో 4,160 మిల్లీమీటర్లతో పుట్టిన స్విఫ్ట్ తోబుట్టువు డిజైర్‌ను 2012లో వెనక డిక్కీ కత్తిరించి 3,995కు కుదించారు. ఛందస్సు కోసం పద్యంలో అక్షరం కోసిన కవులు ఉన్నారు గానీ, పన్ను కోసం తోక కోసిన శిల్పులు అరుదు.

నిజంగానే వేగం కోరి చిన్న కార్లు చేసిన పూర్వకవులు లేకపోలేదు. 2013లో పోలో జీటీ టీఎస్ఐ, 105 హార్స్‌పవర్. 2015లో అబార్త్ పుంటో, 145 హార్స్‌పవర్, ధర 9.95 లక్షలు. 2017లో మారుతీ సొంత బలెనో ఆర్ఎస్, 8.69 లక్షలు. మూడూ ఇప్పుడు కొత్తగా దొరకవు. తర్వాత ఐ20 ఎన్ లైన్, 2024లో ఆల్ట్రోజ్ రేసర్, రెండూ 120 గుర్రాలవి. వీటిని మెచ్చుకున్నవాళ్లు వేలల్లో ఉన్నా చెక్కు రాసినవాళ్లు తక్కువ. ఎందుకో సూత్రంలోని రెండో ఖండం చెబుతుంది.

'బడ్జెట్‌ల వస్తది.' బడ్జెట్‌ల = బడ్జెట్ నందు, సప్తమీ విభక్తి. ఎవరి బడ్జెట్ నందు అనేది సూత్రకారుడు బుద్ధిపూర్వకంగా వదిలేశాడు. నాలుగో స్విఫ్ట్ విడుదలైన రోజున కింది మెట్టు 6.49 లక్షలు, పై మెట్టు 9.64 లక్షలు. జీఎస్టీ తగ్గాక కింది మెట్టు 5.80 లక్షల లోపుకు దిగింది. ఇదంతా ఎక్స్-షోరూమ్ ధర. రోడ్డు మీదికి రావాలంటే జీవితకాల పన్ను కట్టాలి. తెలంగాణలో ఈ ధర కార్లకు అది 14 శాతం. దానికి తోడు 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టడం తప్పనిసరి. ఆపైన ఫాస్టాగ్, మడ్ ఫ్లాపులు, మ్యాట్లు, సీటు కవర్లు. కొటేషన్ కాగితంలో కింది నుంచి మూడో వరుసలో చిన్న అక్షరాల్లో యాక్సెసరీస్ అని ఒక అంకె ఉంటుంది. కొనేవాడి వేలు ఆ వరుస దగ్గరికి వెళ్లగానే కుర్రాడు 'కాఫీ తాగుతరా సార్' అంటాడు.

ఇంతకన్నా పెద్ద చిక్కు వ్యాకరణంలో ఉంది. 'స్పోర్టీ', 'బడ్జెట్' అనే రెండు విశేషణాలకు ఇక్కడ సామానాధికరణ్యం లేదు. అంటే రెండూ ఒకే కారు మీద కూర్చోవు. బడ్జెట్ ఉన్నది కింది మెట్టు ఎల్ఎక్స్ఐలో. దానికి 14 అంగుళాల ఇనుప చక్రాలే; లోపల పాటలు వినిపించే స్క్రీను ఉండదు. పోస్టర్‌లో మెరిసే 15 అంగుళాల అల్లాయ్ చక్రాలు జెడ్ఎక్స్ఐ నుంచే మొదలు; తొమ్మిది అంగుళాల టచ్ స్క్రీన్ కావాలంటే జెడ్ఎక్స్ఐ ప్లస్ దాకా ఎక్కాలి. ఒక వాక్యంలో పక్కపక్కనే నిలబడ్డ రెండు మాటల మధ్య షోరూమ్‌లో రెండు మూడు లక్షల దూరం ఉంది. నడిమి మెట్టు వీఎక్స్ఐ మాన్యువల్ దగ్గర ఆగడం మేలని వ్యాఖ్యాత పక్షం. చక్రం ఇనుపదైనా తిరిగే చుట్టుకొలత మారదు.

'మైలేజ్ మస్తు ఇస్తది.' ఇది అతిశయోక్తా, స్వభావోక్తా? రెండింటి మధ్యదని చెప్పాలి. 24.80 అనేది, ఆటోమేటిక్‌కు 25.75 అనేది ప్రయోగశాలలో రోలర్ల మీద చక్రాలు తిప్పి, నిర్ణీత పద్ధతిలో వేగం పెంచి తగ్గించి తేల్చిన అంకెలు. ఆ రోలర్ల మీద ఏసీ ఉండదు, మేలో మధ్యాహ్నం ఉండదు, ముందు బస్సు ఉండదు. సొంత అంకె కావాలంటే ట్యాంకు మూతి దాకా నింపి, ట్రిప్ మీటర్ సున్నా చేసి, తిరిగిన కిలోమీటర్లను మళ్లీ నింపినప్పుడు పట్టిన లీటర్లతో భాగించడమే దారి. డ్యాష్‌బోర్డు చూపే సగటును కాకుండా పంపు బిల్లును నమ్మాలి. ట్యాంకు 37 లీటర్లు.

రోజూ దూరం తిరిగేవాళ్లకు 2024 సెప్టెంబరులో సీఎన్‌జీ స్విఫ్ట్ వచ్చింది. కిలోకు 32.85 కిలోమీటర్లని కంపెనీ మాట. గ్యాసు మీద నడిచేటప్పుడు గుర్రాలు 70కి పడిపోతాయి, డిక్కీలో సిలిండరు పడుకుంటుంది. అప్పుడు సూత్రంలో మొదటి పదం కొట్టేసి మూడో ఖండం మాత్రం చదువుకోవాలి.

ఆటోమేటిక్ గురించి ఒక మాట. ఇందులో ఉన్నది ఏఎమ్‌టీ, అంటే మామూలు గేర్‌బాక్సే. క్లచ్ నొక్కి గేరు మార్చే పని మనిషికి బదులు యంత్రం చేస్తుంది. మార్చే క్షణంలో తోపుడు ఆగి మళ్లీ అందుకుంటుంది కనుక కారులోని వాళ్లందరూ ఔనన్నట్టు తలూపుతారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, రోజూ హైటెక్ సిటీ వైపు పాకేవాళ్లకు ఇది వరం. ఓవర్‌టేక్‌ల మీద మోజున్నవాళ్లకు శాపం.

'డైలీకి.' సూత్రంలో బరువైన పదం ఇదే, అందుకే కుర్రాడు దీన్ని వేగంగా అనేస్తాడు. గ్రౌండ్ క్లియరెన్స్ 163 మిల్లీమీటర్లు. ఇద్దరు కూర్చుంటే ఏ స్పీడ్ బ్రేకరూ ఏమీ అనదు. అయిదుగురు ఎక్కి డిక్కీ నిండితే, కాలనీవాళ్లు సొంతంగా సిమెంటు పోసుకున్న గుట్టల మీద కడుపు రాసుకునే అవకాశం ఉంది. డిక్కీ 265 లీటర్లు. రెండు బియ్యం బస్తాలు, నాలుగు కూరల సంచులు పడతాయి. సంక్రాంతికి ఊరెళ్లే కుటుంబం సామాను పట్టదు, తిరిగొచ్చేటప్పుడు అరిసెల డబ్బా ఎవరి ఒళ్లోనో ఉంటుంది.

మూడో అవతారంలో ఒక అన్వయ క్లిష్టత ఉండేది. రెండు తలుపుల కారులా కనిపించాలని వెనక తలుపు పిడిని కిటికీ పక్కన నల్లటి స్తంభంలో దాచారు. ఇంటికొచ్చిన పెద్దాయన తలుపంతా తడిమి, చివరికి 'ఏరా, ముందు నుంచి ఎక్కి వెనక్కి వెళ్లాలా' అని అడగడం చాలా ఇళ్లలో జరిగింది. నాలుగోదానిలో పిడిని మళ్లీ తలుపు మీదికే తెచ్చారు. స్పోర్టీతనం మీద పెద్దరికం గెలిచిన సందర్భాల్లో ఇదొకటి.

భద్రత గురించి సూత్రం మౌనం. మూలంలో లేనిది రాయకూడదన్న ప్రతిజ్ఞ ఉన్నా, మౌనం కూడా మూలంలో భాగమే కదా. పాత మూడో స్విఫ్ట్‌కు 2022లో గ్లోబల్ ఎన్‌క్యాప్ ఢీకొట్టి చూసి ఇచ్చింది ఒకే ఒక్క స్టార్. నాలుగోదానిలో కింది మెట్టు నుంచే ఆరు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. దాని తోబుట్టువు డిజైర్ 2024 నవంబరులో అదే సంస్థ దగ్గర అయిదు స్టార్లు తెచ్చుకుంది. ఐరోపా స్విఫ్ట్‌కు అక్కడి పరీక్షలో మూడు వచ్చాయి. ఈ రెంటినీ చూపించి 'సేమ్ సార్' అంటే ఒప్పుకోరాదు. చెల్లెలి మార్కులు అక్క ఖాతాలో వేయడం ఏ శాస్త్రమూ అంగీకరించదు.

'ఇంకేం గావాలె.' దొరికిన ప్రతులన్నిటిలో దీని చివర ప్రశ్నార్థకం లేదు, పలికేటప్పుడు కూడా వినపడదు. అయినా ప్రశ్నగా తీసుకుని జవాబివ్వడం కొనేవాడి హక్కు. వెనక చక్రాలకు డిస్క్ బ్రేకులు కావాలె, ఏ మెట్టులోనైనా డ్రమ్ములే ఉన్నాయి. వెనక కిటికీ ఇంకాస్త పెద్దది కావాలె, పిల్లలకు బయటి లోకం కనబడాలి. వేగ పరిమితి 120కి పెంచిన ఔటర్ రింగు రోడ్డు మీద మూడు సిలిండర్ల గొంతు ఇంకాస్త తగ్గాలె.

టెస్ట్ డ్రైవ్ దగ్గర కూడా ఒకటి అడగాలె. షోరూమ్‌వాళ్లు ఎంచుకునే దారి సాధారణంగా నున్నగా, అన్నీ ఎడమ మలుపులతో తిరిగి వచ్చేస్తుంది. ఆ దారిలో ఏ కారైనా బాగానే ఉంటుంది. వెనక సీట్లో ఇంటి పెద్దవాళ్లను కూర్చోబెట్టి, ఏసీ పెట్టి, ఫ్లైఓవర్ కింద యూ-టర్న్ ఒకటి, సెల్లార్ ర్యాంపు ఒకటి, స్పీడ్ బ్రేకర్ ఒకటి రెండో గేరులో దాటించమనాలి. ఎర్రదా, నీలమా అన్న చర్చ ఆ తర్వాత.