“నాకేం లేదు మామా”: టీకా తాత్పర్య సహితం

మూలం: “ఆ అమ్మాయి గురించి నేనసలు ఆలోచించట్లేదు మామా. నాకేం లేదు.”

అవతారిక: టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఒక శనివారం రాత్రి, బిర్యానీ పొట్లం విప్పుతున్న రూమ్మేట్‌తో నాయకుడు పలికిన వాక్యమిది. రూమ్మేట్ అడిగింది రైతా ఏదని.

ప్రతిపదార్థం: ఆ అమ్మాయి గురించి = పేరెత్తితే గొంతు మారునన్న జంకుతో; అసలు = పొద్దున లేచింది మొదలు; ఆలోచించట్లేదు = ఆమె ఇన్‌స్టా స్టోరీలను నీ ఫోన్‌లోంచి చూచుచున్నాను; మామా = ఆ సంగతి ఎరిగిన ఓ మిత్రుడా; నాకేం లేదు = నిద్ర లేదు, ఆకలి లేదు, సంబంధాలు చూడమని అమ్మకు చెప్పే ధైర్యమూ లేదు.

తాత్పర్యం: మరువలేదని భావం.

విశేషాలు: నాయకుడి ఫోన్‌లో వాతావరణం చూపేచోట ఇర్వింగ్ కింద సియాటిల్ ఇంకా ఉంది. ఆమె ఉద్యోగం అక్కడే. స్ప్లిట్‌వైజ్‌లో ఆమెకు 41 డాలర్ల 60 సెంట్లు బాకీ. జీతం పడినా తీర్చడు, తీరిస్తే లెక్క సున్నా అయిపోతుంది. ఋణశేషం ఉంచరాదని పెద్దలంటారు. ఋణానుబంధం అన్నదీ ఆ పెద్దలే కనుక వీణ్ని తప్పుపట్టలేం.

అలంకారం: ఛేకాపహ్నుతి. అప్పయ్య దీక్షితులు కువలయానందంలో చూపిన ఆరు అపహ్నుతుల్లో ఒకటి. ఎదుటివాడు శంకిస్తే నిజాన్ని నేర్పుగా కప్పిపుచ్చడం దీని లక్షణం. ఇక్కడ రూమ్మేట్ దేన్నీ శంకించలేదే అంటారా? శంకించింది వక్తే. ఆంగ్లంలో దీనికి చక్కటి లక్ష్యం ఉంది. 1975లో అమెరికా పట్టికలో రెండో స్థానం దాకా ఎక్కిన ‘ఐయామ్ నాట్ ఇన్ లవ్’ పాటలో నాయకుడు, ఆమె ఫొటో గోడకు ఉంచింది మరక కనబడకుండా ఉండటానికేనంటాడు. 10సీసీ అనే బ్రిటిష్ బృందం పాడింది గానీ, మన లాక్షణికులు వింటే శభాష్ అనేవారు.

నాయక నిర్ణయం: తగవులాడి దూరం చేసుకుని, పిమ్మట కుమిలే నాయికను భరతుడు కలహాంతరిత అన్నాడు. నాయకుడికి ఆ మాట ఇవ్వలేదు, బహుశా మగవాళ్లు ఒప్పుకోరని. భామాకలాపంలో సత్యభామ నయం. మాధవితో గోడు చెప్పుకుని, స్వామికి లేఖ రాస్తుంది. మనవాడు “హాయ్” అని టైపు చేసి చెరిపేస్తాడు.

పాఠాంతరం: “నాకేం లేదు” తరువాత “తనెలా ఉందట?” అని మరో వాక్యం ఉన్నట్టు రూమ్మేట్ చెబుతున్నాడు. అది ప్రక్షిప్తమని నాయకుడి వాదం. అన్వయం చూస్తే అదే మూలమనీ, ముందున్నవే తరువాత చేర్చినవనీ మాకు తోస్తోంది.