32 మిల్లీమీటర్ల శౌర్యం

బల్లి మీద పడితే మంచమెక్కే రకాన్ని నేను. కాలేజీలో ఎన్‌సీసీలో చేరింది పరేడ్ అయ్యాక పెట్టే పూరీల కోసం. బూట్లు కరిచేసరికి పూరీల మీద కూడా విరక్తి పుట్టి మానేశాను. అటువంటివాడికి సైనిక పతకాల పిచ్చి ఎలా పట్టుకుందో నాకే తెలీదు. హైదరాబాదు జుమ్మేరాత్ బజారులో పాత తాళంకప్పలూ, ఊపిరాగిన మిక్సీలూ పరిచిన గోనెపట్టా మీద గుండ్రటి బిళ్ళ ఒకటి మెరిస్తే చాలు, అక్కడే కూలబడిపోతాను. "ఎవరో ప్రాణాలకు తెగించి తెచ్చుకున్నవి మీరు బేరమాడి తెచ్చుకుంటారు" అంటుంది మా ఆవిడ. బేరం కూడా సరిగ్గా ఆడలేనని ఆవిడకి తెలుసు. నా పరువు కాపాడ్డానికి అలా అంటుంది.

మా ఇంట్లో నడిచే గొడవ నిజానికి పతకాల గురించి కాదు, వాటి రిబ్బన్ల గురించి. గాజు పెట్టెలో పతకాన్ని రిబ్బనుతో పెట్టాలా, విప్పేసి బోడిగా పెట్టాలా? గుడ్డ చివుకుతుంది, పురుగు కొడుతుంది, తీసి పారెయ్యమని మా ఆవిడ పట్టు. నేను రిబ్బను పార్టీ. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటిష్ వార్ మెడల్‌ని లక్షలమందికి ఒకే అచ్చులో కొట్టి పంచారు. ముందు అయిదో జార్జి తల, వెనక గుర్రమెక్కిన వీరుడు. అంచున చెక్కిన నంబరూ పేరూ తప్పిస్తే ఒక బిళ్ళకీ ఇంకో బిళ్ళకీ తేడా ఉండదు. రిబ్బను అలా కాదే! మధ్యన నారింజ రంగు, అటూ ఇటూ తెలుపు, నలుపు, నీలం అంచులు. 32 మిల్లీమీటర్ల వెడల్పు. పతకం తెచ్చుకున్న సిపాయి ఛాతీకి ఆనింది అదే. దాని మీది మరక ఆయన చెమటే కావచ్చు.

"బజారువాడి టీ కూడా కావచ్చు" అంది మా ఆవిడ.

ఇంటికెవరైనా చుట్టాలొస్తే నా ఉపన్యాసం మొదలు. 1778 నుంచి 1784 దాకా పశ్చిమ భారతంలోను, గుజరాతులోను పోరాడిన తన సిపాయిలకు ఈస్టిండియా కంపెనీ ఇచ్చిన దక్కన్ మెడల్‌కి రిబ్బనే లేదండీ, పసుపుపచ్చ తాడుతో మెళ్ళో వేసుకునేవారు అంటాను. 1799లో టిప్పు సుల్తాన్ కూలిపోయాక ఇచ్చిన శ్రీరంగపట్నం పతకానికైతే తాడూ లేదు, కొక్కెమూ లేదు. పెద్దవాళ్ళకి బంగారం, వెండి, సామాన్య సిపాయికి తగరం. ఉత్త బిళ్ళ చేతిలో పెట్టి, ఎలా వేలాడదీసుకుంటావో నీ ఇష్టం అన్నారు. అందుకని ఎవరికి తోచిన కొక్కెం వాళ్ళు పెట్టించుకున్నారు. ఆ పతకం మీద సింహం పులిని కింద పడేసి తొక్కుతూ ఉంటుంది. ఇక్కడికొచ్చేసరికి చుట్టాలు గోడగడియారం వైపు చూస్తారు. కాఫీ ఎప్పుడో చల్లారిపోయి ఉంటుంది.

పరువు అసలు పోయింది విక్టరీ మెడల్ దగ్గర. దాని రిబ్బను రెండు ఇంద్రధనుస్సులు ఎదురెదురుగా పడుకున్నట్టుంటుంది. "ఒరిజినల్ పట్టు సార్" అని అమ్మినవాడు అదనంగా గుంజాడు. నేనేం తక్కువ తిన్నానా? అల్ట్రావయొలెట్ టార్చి కొన్నాను. ఈ కాలపు బట్టల్లో తెల్లదనం కోసం కలిపే రసాయనాలు ఆ వెలుతురులో మెరుస్తాయి, ఆ కాలపు పట్టు మెరవదు. దీపాలార్పి, దుప్పటి కప్పుకుని, టార్చి వేశాను. మెరవలేదు! విజయగర్వంతో దుప్పట్లోంచి బయటికొచ్చాను.

మా ఆవిడ దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కసారి నలిపి, "ఇది పట్టు కాదండీ" అంది.

"టార్చి వేస్తే మెరవలేదే!"

"అన్ని నైలాన్లూ మెరుస్తాయని మీ టార్చి మీతో చెప్పిందా?" అంటూ అంచునుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల గీసింది. పట్టయితే వెంట్రుక కాలిన వాసనొచ్చి, నలిపితే బూడిదవుతుంది. ఇది కరిగి గట్టి ఉండలా చుట్టుకుంది. "ధర్మవరం చీర కొనేటప్పుడు పోగు కాల్చి చూడాలని మా అమ్మ చిన్నప్పుడే చెప్పింది. మీ పుస్తకాల్లో లేదా?" పుస్తకాల్లో ఉంది. మా ఆవిడని అడగాలన్నది లేదు.

అసలైన రిబ్బన్లనైనా కాపాడుకుందామని జాగ్రత్తలు మొదలెట్టాను. మ్యూజియాల్లో పాత బట్టల మీద 50 లక్స్‌కి మించి వెలుతురు పడనివ్వరు. అంచేత హాలు కిటికీకి పరదా, ట్యూబ్‌లైటుకి సెలవు. వెండిని గంధకం నల్లబరుస్తుంది కనక గాజు పెట్టె దగ్గర ఉన్ని గుడ్డలూ, రబ్బరు బ్యాండులూ నిషేధం. ఉడికించిన కోడిగుడ్డు కూడా వంటింట్లోనే తినాలన్నాను. మా ఆవిడ పతకాలని విభూదితో తోమబోతుంటే, తోమినకొద్దీ జార్జిగారి ముక్కు అరిగిపోతుందని అడ్డుపడ్డాను. పాలవాడొచ్చి హాల్లో చీకటేమిటమ్మా అనడిగితే, "పతకాలు నిద్రపోతున్నాయి నాయనా" అంది మా ఆవిడ.

ఈ పరిస్థితుల్లో మావయ్యగారు దిగారు. ఆయనది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం, ఇంటింటా సైనికులుండి మిలటరీ మాధవరంగా పేరుపడ్డ ఊరు. ఆయన పతకాలు బిస్కెట్ల డబ్బాలో ఉంటాయి. పూర్వీ స్టార్, 1971 యుద్ధానికిచ్చిన సంగ్రామ్ మెడల్, స్వాతంత్ర్యానికి పాతికేళ్ళు నిండినప్పటి పతకం, వాటితో బాటు చొక్కా బొత్తాలు, ఒక రేషన్ కార్డు జిరాక్సు. చీకటి హాల్లో తడుముకుంటూ కూర్చుని, నా సమస్య అంతా విని, చాలాసేపు మీసం దువ్వుకున్నారు.

"మెడల్స్ పెద్ద పరేడ్లకి పెట్టుకునేవాళ్ళం అల్లుడుగారూ. మామూలు రోజుల్లో ఛాతీ మీద ఉత్త రిబ్బన్లే, బద్దీ మీద కుట్టించుకుని. మెడల్స్ ట్రంకుపెట్టెలో పడుండేవి."

నాకు ప్రాణం లేచొచ్చింది. "చూశావా, రిబ్బనే ముఖ్యం!" అన్నాను మా ఆవిడతో.

"ముఖ్యమేముందండీ, మాసిపోతే అవతల పారేసి కంటోన్మెంటులో కొత్తది కుట్టించుకునేవాళ్ళం. గజాల లెక్కన దొరుకుతుంది" అన్నారాయన. ఆ మాటతో ఇద్దరం ఓడిపోయాం. చెమట మరకల గురించి నేను చేసిన ఉపన్యాసాలన్నీ ఏమైనట్టు?

మర్నాడు ముగ్గురం సికింద్రాబాదు కంటోన్మెంటులో ఓ మిలటరీ దర్జీ దుకాణానికెళ్ళాం. మావయ్యగారి పతకాలకి కొత్త రిబ్బన్లు కుట్టించి హాల్లో పెట్టాలని మా ఆవిడ ప్లాను. నావి బీరువాలోకి. అరల నిండా రంగురంగుల రిబ్బన్ల చుట్టలు. నా విక్టరీ మెడల్‌కి ఉందా అనడిగితే దుకాణాదారు అటూ ఇటూ వెతికి, "అది లేదు సార్, దీంతో సరిపెట్టుకోండి, దూరానికి తేడా తెలీదు" అని ఇంకేదో చూపించాడు. నేను ముఖం చిట్లించాను. ఈలోగా మా ఆవిడ పూర్వీ స్టార్ రిబ్బను చుట్ట చేతిలోకి తీసుకుని, రంగులు బాగున్నాయి, ఓ మీటరు ఇవ్వండి, మా అమ్మాయి స్కూల్ డాన్సు లంగాకి అంచు వేస్తాను అంది.

"అక్కడ పెట్టు దాన్ని!" అన్నారు మావయ్యగారు. దుకాణాదారు కత్తెర కింద పెట్టేశాడు. పక్కన కుట్టుమిషన్ ఆగిపోయింది. "లంగాకట? అది ఎవరు పడితే వాళ్ళు కట్టుకునేదా?"

మాసిపోతే అవతల పారేసేవాళ్ళమన్న మనిషి ఈయనేనా అని మా ఆవిడ నా వైపు చూసింది. నేను రిబ్బన్ల వైపు చూశాను. ఆ ఇంటి వాళ్ళలో ఈ పిచ్చి ఇంకొకరికి కూడా ఉందని తేలినందుకు, ఇంటికెళ్ళే ఆటోకి బేరమాడకుండా అడిగినంతా ఇచ్చాను.